రెక్కల ముచ్చట్లు: "మా అమ్మాయి విమానాల పోటీకి వెళ్తానంటోంది"

(విమానాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు రాస్తున్నది నెల్లూరులో స్థిరపడిన ఒక రిటైర్డ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్.)

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతోంది. అక్కడే ప్రైవేట్ పైలట్ లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఇప్పుడు స్నేహితురాలితో కలిసి ఆడవాళ్ల విమానాల పోటీలో పాల్గొంటానంటోంది. నాలుగు రోజులు, రెండు వేల మైళ్లకు పైగా దారి అట. అది విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. వాళ్ల నాన్నగారైతే వద్దనే అంటున్నారు. మేం ఏం చెప్పాలి? – ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీ కళ్ల ముందు మెదులుతున్నది టీవీలో చూపించే రకం పోటీ అనుకుంటాను. స్తంభాల చుట్టూ నేలకు ఆనుకున్నట్టు గిరగిరా తిరుగుతాయే, అది. మీ అమ్మాయి చెబుతున్నది వేరు. వివరాలను బట్టి చూస్తే అది 'ఎయిర్ రేస్ క్లాసిక్' అయి ఉండాలి. ఏటా జూన్‌లో జరుగుతుంది. సుమారు 2,400 మైళ్ల దారి, అది కూడా ఏటా మారుతుంది. పగటి వెలుతురులో, కంటికి దారి కనిపించే వాతావరణంలోనే ఎగరాలి. పొద్దుగూకితే ఎక్కడివాళ్లు అక్కడే దిగిపోవాలి.

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ మీరు చూసే ఉంటారు. జతలను పక్కపక్కన కట్టి పరిగెత్తించరు కదా. ఒక్కో జత విడిగా దిగుతుంది, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగిందో కొలుస్తారు, పళ్లను బట్టి విభాగాలు పెడతారు. ఈ పోటీ అచ్చం అలాంటిదే. ప్రతి విమానానికీ ముందుగానే ఒక వేగం కట్టి ఇస్తారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. మీ అమ్మాయి విమానానికి 115 నాట్లు కట్టారనుకోండి. (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు.) దారి మొత్తం మీద సగటున 121 నాట్లు వస్తే ఆమె ఖాతాలో ఆరు. పక్కనున్న పెద్ద ఇంజిన్ విమానానికి 150 కట్టారు, అది 153తో వెళ్లింది, దానికి మూడే. చివరి ఊరికి అది ముందు చేరినా గెలిచేది మీ అమ్మాయే. ఆఖరున దిగిన విమానానికి మొదటి బహుమతి రావచ్చు కాబట్టి, అందరి లెక్కలూ తేలేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

దీనివల్ల ఒక మేలు ఉంది. ఎదురుగాలి వీస్తున్న పూట దారిలో ఒక ఊళ్లో ఆగి, గాలి మళ్లాక బయల్దేరిన జట్టుకు లాభం. నేల మీద కూర్చున్న సమయం లెక్కలోకి రాదు. గడియారం నడిచేది ఆకాశంలో ఒక గీత దాటినప్పటి నుంచి తర్వాతి గీత దాటేవరకే. దారి మొత్తం నాలుగు రోజుల్లో ముగియాలి, అంతే. మబ్బు పడితే ఆగడం, గాలి బాగాలేకపోతే ఆగడం ఇక్కడ ఎత్తుగడ కిందకే వస్తాయి. ప్రమాదం ఎక్కడుందంటే, నాలుగో రోజు మధ్యాహ్నం ఇంకా మూడు వందల మైళ్లు మిగిలి, ముందు ఉరుముల మబ్బు నిలబడి, గడువు సాయంత్రానికి ముగుస్తున్నప్పుడు. నా అనుభవంలో మంచి పైలట్లకు మతి తప్పేది ఆ గంటలోనే. ఆ గంటలో ఏం చేస్తారో మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి. మబ్బు ఇంత ఎత్తు కంటే కిందికి దిగితే, చూపు ఇంత దూరం కంటే తగ్గితే, వెనక్కి తిరుగుతాం అని అంకెల్లో రాసుకోవాలి. 'బాగాలేకపోతే చూద్దాం' అని రాసుకుంటే ఆ కాగితం దండగ.

మీ వారి భయాన్ని నేను తీసిపారేయను. ఈ ఆడవాళ్ల పోటీలకు మూలం 1929 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుంచి ఒహాయోలోని క్లీవ్‌లాండ్ దాకా జరిగిన పందెం. పేరుమోసిన పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ అందులో మూడో స్థానంలో వచ్చింది. గెలిచింది లూయీజ్ థేడెన్. మార్వెల్ క్రాసన్ అనే పైలట్ దారిలోనే ప్రాణాలు పోగొట్టుకుంది. థేడెన్ కథ మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆమె విమానంలో ఇంజిన్ పొగ కూర్చునే చోటికి వచ్చేది. పందేనికి ముందే ఆ పొగకు ఆమె సొమ్మసిల్లినంత పనైంది. అప్పుడు బయటి గాలి తెచ్చే ఒక గొట్టం బిగించారు. దాని దగ్గర ముఖం పెట్టి గాలి పీలుస్తూ ఆమె పందెం మొత్తం నడిపింది. ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి వస్తే ఎండ దెబ్బేమో అనుకుంటాం. ఈ రోజుల్లో అరచేతిలో పట్టేంత అలారం దొరుకుతుంది. అది విమానంలో ఉందా అని అడగండి.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. విమానం అద్దెదైతే, పోటీకి వాడతామని యజమానికి చెప్పారా? ఆ ఇన్సూరెన్సు పోటీలకు వర్తిస్తుందా? వర్తించదని రాసి ఉండే పాలసీలు ఉన్నాయి, ఫోన్లో మాట తీసుకుంటే చాలదు, కాగితం చూడాలి. ఇద్దరు పైలట్లలో ఎవరు 'దిగుదాం' అన్నా రెండోవాళ్లు ఎదురు చెప్పకూడదు అనే ఒప్పందం ఉందా? స్నేహితురాళ్ల మధ్య మొహమాటం పెద్ద జబ్బు. నాకెందుకో బాగాలేదనిపిస్తోందని లోపల అనుకుంటూ, ఆ పిల్లకు కోపం వస్తుందేమోనని నోరు మూసుకునేవాళ్లు ఉంటారు. పోటీ అయిపోయిన మర్నాడే ఇంటర్న్‌షిప్‌కి హాజరు కావాలని పెట్టుకుందా? పెట్టుకుంటే మార్చుకోమనండి. రెండు ఖాళీ రోజులు చేతిలో ఉంటే, వానలో విమానాన్ని అక్కడే కట్టేసి బస్సెక్కి రావడానికి మనసు ఒప్పుకుంటుంది.

పెట్రోలు సంగతి వేరేగా చెప్పాలి. ఇంధనం చూపించే ముల్లును నమ్మే పైలట్ నాకు నచ్చడు. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం తీసుకోండి. వాడుకోగలిగే ఇంధనం సుమారు 200 లీటర్లు. నిదానంగా పోతే గంటకు 32, 33 లీటర్లు తాగుతుంది. పోటీలో థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచే పిడి) పూర్తిగా తోసి పెడతారు, అప్పుడు నలభై దాటుతుంది. ఆరు గంటలు వచ్చేది ఐదు గంటలు కూడా రాదు. అక్కడి చట్టం ప్రకారం పగటిపూట చేరాల్సిన చోటు దాటి మరో అరగంటకు సరిపడా మిగలాలి. నేనైతే గంట మిగలాలంటాను. ట్యాంకులోకి పుల్ల పెట్టి కొలిచి, గడియారం చూసి, నిమిషాల్లో లెక్క వేసుకోవాలి. "ఇంకా ఎన్ని నిమిషాల ఇంధనం ఉంది?" అని ఏ క్షణాన అడిగినా మీ అమ్మాయి జవాబు చెప్పగలగాలి.

ఆఖరుగా మీ విషయం. ఇలాంటి పోటీల్లో విమానం ఎక్కడుందో ఇంట్లోవాళ్లు ఫోన్లో మ్యాపు మీద చూసుకునే వీలుంటుంది. మీరు చూడండి, తప్పు లేదు. కానీ చుక్క కదలకపోతే వెంటనే "ఏమైంది, వెనకపడ్డారా?" అని మెసేజీ పెట్టకండి. బంధువుల గ్రూపులో ఆ మ్యాపు పెట్టి పిన్నులూ బాబాయిలూ "కమాన్" అని రాయడం మొదలుపెడితే, ఆ పిల్ల దిగాల్సిన చోట దిగదు. సాయంత్రం విమానం కట్టేశాక ఒక్క ఫోన్ అని మాట్లాడుకోండి. మధ్యాహ్నమే దిగిపోయామని చెబితే సంతోషించండి. ఆ సంతోషం గొంతులో వినిపించాలి సుమా. మీ వారితో కూడా ఈ మాటే చెప్పండి. ఈ ప్రశ్నలకు సరైన జవాబులు వస్తే నేనైతే పంపిస్తాను.

ప్రశ్న: నేను పైలట్ శిక్షణలో ఉన్నాను. ఎప్పటికైనా ఇలాంటి పోటీలో ఎగరాలని కోరిక. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని ఇంజిన్‌తో వీలైనంత కిందగా, ఫుల్ థ్రాటిల్‌తో పోతే గెలుపు ఖాయం అని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా? – ఒంగోలు

జవాబు: సగం నిజం నాయనా. టర్బో లేని ఇంజిన్‌కు కింద గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడే ఎక్కువ బలం. గాలే లేని రోజైతే మీ సీనియర్ చెప్పినట్టే చేయొచ్చు. అలాంటి రోజు నాకు చూపించమనండి. మూడు వేల అడుగుల దగ్గర ఎదురుగాలి పది నాట్లు, ఏడు వేల దగ్గర వెనక నుంచి పదిహేను నాట్లు ఉంటే, పైకెక్కినవాడికి పాతిక నాట్ల తేడా. ఇంజిన్ కోల్పోయిన బలం ఆ తేడాకు ఏ మూలకు? గెలిచేవాళ్లు థ్రాటిల్ దగ్గర కాదు, ముందు రోజు రాత్రి గాలి పట్టికల దగ్గర కుస్తీ పడతారు.

ఇక వేగం చూపించే డయల్ మీద పసుపు పట్టీ ఉంటుంది కదా. 172ఎస్‌లో అది 129 నాట్ల దగ్గర మొదలై 163 దగ్గర ఎర్ర గీతతో, అంటే ఎప్పుడూ దాటకూడని వేగంతో, ముగుస్తుంది. పసుపులోకి వెళ్లేది గాలి నున్నగా ఉన్నప్పుడు మాత్రమే. రోహిణీకార్తెలో మధ్యాహ్నం పన్నెండింటికి కనిగిరి మెట్ట మీద వెయ్యి అడుగుల ఎత్తున ఎగిరితే నున్నటి గాలి ఎక్కడుంటుంది? వేడిగాలి కింది నుంచి పిడిగుద్దులు గుద్దుతుంది. టైమింగ్ గీత దాటేముందు ముక్కు దించి వేగం పెంచుకోవాలని అందరికీ ఆశే. అప్పుడు ముల్లు ఎర్ర గీత వైపు పరిగెత్తుతుంది, గతుకు తగులుతుంది, రెక్క మీద భారం పడుతుంది. ఆ దిగుడు ఎంత ఎత్తు నుంచి, ఏ వేగం దాకా అన్నది నేల మీదే తేల్చుకో.

గీత దాటాక ఇంకో చిక్కు. తర్వాతి ఊరి వైపు తొందరగా తిరగాలని విమానాన్ని బాగా వంచేస్తారు. ఎత్తు పోకుండా 60 డిగ్రీలు వంచి తిప్పితే స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 1.4 రెట్లు అవుతుంది. నేల రెండు మూడు వందల అడుగుల దూరంలో ఉన్నప్పుడు ఆ స్టాల్ వస్తే సరిదిద్దుకునే చోటు లేదు. గీత దాటి, తిన్నగా పోతూ ఎత్తుకెక్కి, ఆ తర్వాత నిదానంగా తిరుగు. పోయేది కొన్ని సెకన్లు. పైగా దేశమంతా విడివిడిగా ఎగిరిన విమానాలు కలుసుకునే చోటు ఆ గీతే. కుర్రాళ్లు అక్కడికి రాగానే తల దించి స్టాప్‌వాచ్ చూస్తారు. వాచీ పక్క సీటువాడికి ఇవ్వు, నీ కళ్లు అద్దం బయటే ఉండాలి.

ఎండ లెక్క కూడా నేర్చుకో. సముద్రమట్టంలో ప్రామాణిక ఉష్ణోగ్రత 15 డిగ్రీలు. దానికి పైన ప్రతి డిగ్రీకీ విమానం ఉన్న ఎత్తుకు సుమారు 120 అడుగులు కలుపుకోవాలి. 42 డిగ్రీల నెల్లూరు ఎండలో, నేల మీదున్న విమానం మూడు వేల అడుగుల పైన ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. రన్‌వే ఎక్కువ కావాలి, ఎక్కడం నెమ్మదిస్తుంది. పోటీ కోసం ట్యాంకులు నిండా నింపి, సామాను వేసుకుని, మిట్టమధ్యాహ్నం చిన్న రన్‌వే మీద నుంచి లేవాలనుకునేవాడు ముందు విమానం పుస్తకంలో పట్టిక తెరవాలి.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి పోటీ ఎప్పుడైనా జరిగిందా? – ఉదయగిరి

జవాబు: చాలామందికి తెలియని మంచి కథ ఉంది. భారత్, ఇంగ్లండ్ మధ్య నెల రోజుల్లోపు ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు ఇస్తానని ఇస్మాయిలీ ముస్లింల మతగురువు ఆగాఖాన్ ప్రకటించారు. 1930లో ముగ్గురు బయల్దేరారు. జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అటు వెళ్తున్నారు. ఆస్పీ ఇంజినీర్ అనే కుర్రవాడు ఇంగ్లండ్ నుంచి ఇటు వస్తున్నాడు. మన్మోహన్ సింగ్ (మాజీ ప్రధాని కాదు, అదే పేరున్న పైలట్) మూడో పోటీదారు. ఈజిప్టులో అబూకిర్ దగ్గర దిగిన టాటాకు, స్పార్క్ ప్లగ్ చెడిపోయి కదల్లేక కూర్చున్న ఆస్పీ కనిపించాడు. టాటా తన దగ్గరున్న అదనపు ప్లగ్ ఇచ్చేశారు. బదులుగా ఆస్పీ తన లైఫ్ జాకెట్ ఇచ్చాడు. బహుమతి ఆస్పీకే వచ్చింది, తర్వాతి కాలంలో ఆయన భారత వాయుసేన అధిపతి కూడా అయ్యారు.

ఈ కథ చెప్పినవాళ్లంతా టాటా పెద్దమనసు దగ్గర ఆగిపోతారు. అది గొప్పే, కాదనను. ఇన్‌స్ట్రక్టర్ బుద్ధి కదా, నాకు తట్టేది ఇంకోటి: ఎడారి దాటి వస్తున్న ఒకరి సంచిలో అదనపు ప్లగ్ ఉంది, సముద్రం దాటి వచ్చిన ఇంకొకరి దగ్గర లేదు.

ప్రశ్న: కొరిశపాడు దగ్గర హైవే మీద యుద్ధ విమానాలు దిగేందుకు రన్‌వే కట్టారు కదా. పోటీలో ఎగిరే చిన్న విమానానికి ఇంజిన్ ఆగిపోతే ఇలాంటి రోడ్డు మీద దిగొచ్చా? – సింగరాయకొండ

జవాబు: ఆ రన్‌వే వాయుసేన అత్యవసరాల కోసం. వాళ్లు పరీక్షించే రోజున వాహనాలు మళ్లిస్తారు, పోలీసులుంటారు, పశువులు రాకుండా చూస్తారు. మామూలు రోజున అది పదహారో నంబరు జాతీయ రహదారి. చెన్నై లారీలు, విజయవాడ బస్సులు, ఎదురు దారిలో వచ్చే మోటార్ సైకిళ్లు. దాన్ని లెక్కలో పెట్టుకుని ఎవరూ ఎగరకూడదు. మామూలు రోడ్డయితే పక్కన తీగలు, అడ్డంగా బోర్డులు కూడా. నడిచేవాళ్ల మీదికి, బండ్ల మీదికి విమానాన్ని తెచ్చే హక్కు ఏ పైలట్‌కూ లేదు.

ఇంజిన్ ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. సెస్నా 172 వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 2.7 కిలోమీటర్లు జారుతూ వెళ్తుంది. మూడు వేల అడుగుల్లో ఉంటే ఎనిమిది కిలోమీటర్ల చుట్టూ వెతుక్కోవచ్చు. వెయ్యి అడుగుల్లో పోతున్నవాడికి ఆ భాగ్యం లేదు. ఒంగోలు తమ్ముడు ఇది కూడా చదవాలి.

ఎక్కడ దిగాలి? మన వైపే ఊహించుకోండి. కోస్తా వెంట రొయ్యల చెరువులు పైనుంచి చదునుగా, ముచ్చటగా కనిపిస్తాయి. చదును అనుకుంటే మోసపోయినట్టే. గట్టు గట్టుకూ కరెంటు తీగ ఉంటుంది, చెరువులో తిరిగే ఏరేటర్ల కోసం. పెన్నా కింద వరి నాట్లేసిన మడిలో చక్రం దిగబడి విమానం తిరగబడుతుంది. అదే పొలం కోత అయ్యాక గట్టిపడి ఉంటే మంచిదే, గట్లు అడ్డం రాకుండా పొడవు చూసుకోవాలి. కందుకూరు, కొండపి వైపు దున్నిన చేనైతే చాళ్ల వెంట దిగాలి, అడ్డంగా దిగకూడదు. జామాయిల్ తోటలను వదిలేయండి. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో పొగ చెబుతుంది, చెరువు నీళ్ల మీది అలలు చెబుతాయి. మధ్యాహ్నం దాటాక మన తీరంలో సముద్రపు గాలే ఎక్కువ, కాబట్టి తూర్పుకు ముఖం పెట్టి దిగడానికి చూడాలి. తీగలు కనిపించవు, స్తంభాలు కనిపిస్తాయి. రెండు స్తంభాలు కనిపిస్తే మధ్యలో తీగ ఉన్నట్టే.

నేల తాకే వేగం 60 నాట్లకు బదులు 50 అయితే, మీద పడే దెబ్బ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అందుకే ఎదురుగాలి కోసం అంత తాపత్రయం. బెల్టులు బిగించుకుని, నేల తాకే ముందే తలుపు గొళ్లెం తీసి పెట్టుకోవాలి. ఒరిగిపోయిన విమానంలో తలుపు ఇరుక్కుంటుంది.

పరాయి ప్రాంతంలో ఎగిరేవాడికి ఏ చెరువు ఏమిటో, ఏ తోట ఏమిటో తెలియదు. అందుకే పోటీకి ముందు దారి మొత్తాన్ని మ్యాపులో, ఉపగ్రహ చిత్రాల్లో కిలోమీటరు కిలోమీటరూ చూడాలి. అది చేయని జట్లు చాలా ఉంటాయి. బట్టలు, స్టిక్కర్లు మాత్రం ముందే సిద్ధం.

ప్రశ్న: నెల్లూరు నుంచి ఒంగోలుకు మనమే ఒక విమానాల పోటీ పెట్టుకోవచ్చా? మా కాలేజీ స్నేహితులం మాట్లాడుకున్నాం. – నెల్లూరు

జవాబు: దిగేందుకు ముందు విమానాశ్రయం ఉండాలి కదా బాబూ. దగదర్తిలో విమానాశ్రయం కడతారన్న మాట ఏళ్ల తరబడి వింటున్నాం. ఉన్నా కూడా ఆ దూరానికి చిన్న విమానానికి ముప్పావు గంట కూడా పట్టదు. ఇక్కడ ఊరు దాటి ఎగరాలంటే ఫ్లైట్ ప్లాన్ వేయాలి, వాయు రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి. దక్షిణాన శ్రీహరికోట ఉంది. రాకెట్ ప్రయోగం ఉన్నప్పుడు ఆ ఆకాశం మూసేస్తారు, ఆ నోటీసులు చూడకుండా అడుగు వేయకూడదు. చలికాలంలో పులికాట్, నేలపట్టు వైపు వచ్చే పెద్ద పక్షులు ఇంకో సంగతి. గూడబాతు ఒకటి అద్దానికి తగిలితే పోటీ అక్కడితో సరి.

అంత ఇష్టముంటే ముందు లైసెన్సు దారి చూడండి. ప్రైవేట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాస్ కావాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో ఒంటరిగా ఊళ్లు దాటే ప్రయాణాలు కూడా ఉంటాయి. ఈలోపు కాగితం మీద పోటీ పెట్టుకోండి. తిరుపతి, కడప, విజయవాడ తీసుకుని, ఒకే రోజు గాలి వివరాలతో ఎవరికి వారు దారి, ఎత్తు, ఇంధనం, ఎక్కడ ఆగుతారు అన్నీ లెక్కలు వేయండి. లెక్కలు నాకు పంపితే దిద్ది పంపిస్తాను. ఉత్తినే అనడం లేదు.

ప్రశ్న: సార్, అంతసేపు చిన్న విమానంలో ఉంటే ఒంటేలు వస్తే ఏం చేస్తారు? – తొమ్మిదో తరగతి విద్యార్థి, ఆత్మకూరు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అసలైన పైలట్ ప్రశ్న ఇదే అబ్బాయ్. పెద్దవాళ్లు సిగ్గుపడి అడగరు, అడక్క ఏం చేస్తారంటే పొద్దుట నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఎండలో అద్దాల కింద నాలుగు గంటలు కూర్చుంటే ఒళ్లు ఎండిపోతుంది, తల బరువెక్కుతుంది, లెక్కలు తప్పుతాయి. రేడియోలో చెప్పింది రెండోసారి అడుగుతుంటారు. అది గమనించుకోలేరు కూడా.

దీనికోసం లోపల పొడి ఉండే సంచులు దొరుకుతాయి. పోయగానే ఆ పొడి ముద్దగా గట్టిపడుతుంది, ఒలకదు. ఆడవాళ్లు వాడుకునేవి కూడా ఉన్నాయి. అవి ఇష్టంలేనివాళ్లు రెండు, రెండున్నర గంటలకోసారి దిగేలా దారి వేసుకుంటారు. కాళ్లు చాచుకున్నట్టూ ఉంటుంది, ఇంధనం చూసుకున్నట్టూ ఉంటుంది. నీళ్లు మాత్రం గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. సీసాను సీటు పక్క సంచిలో గట్టిగా దోపి పెట్టాలి. దొర్లి రడ్డర్ పెడళ్ల (విమానం ముక్కును పక్కలకు తిప్పే కాలి మీటల) కిందికి పోయిందా, దిగేటప్పుడు కాలు ఆడదు.